పొద్దుటి నుంచి మూడుసార్లు

మా ఊళ్లో ప్రతి ఒక్కరూ కొండ శిఖరం మీద నిలబడి ఫోటో దిగినవాళ్లే. కొండ ఎక్కినవాళ్లు మాత్రం తక్కువ. ఎక్కకుండా నిలబడే ఈ సౌకర్యాన్ని ఊరికి కల్పించినవాడు మా మామయ్య.

మామయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. ఫోటో స్టూడియో నడుపుతాడు. స్టూడియో అంటే వీధి వైపు ఒక గది, దాని వెనక కిటికీ లేని ఇంకో గది. ముందు గదిలో బల్ల, జిరాక్సు మిషను, గోడకి ఒక అద్దం, అద్దం మేకుకి గొలుసుతో కట్టేసిన దువ్వెన. ఊరి పెద్దమనుషుల నిజాయితీ మీద మామయ్యకి ఉన్న నమ్మకం ఎంతటిదో ఆ గొలుసు చెబుతుంది. వెనక గదిలో రెండు పెద్ద లైట్లు, ఇంకో పాత బల్ల, ఒక గుండ్రటి స్టూలు, గోడ నిండా పరుచుకున్న తెర. ఆ తెర మీద మా కొండ శిఖరం. దాని నెత్తిన తెల్లగా, దట్టంగా, మోకాలి లోతు మంచు.

మా కొండ మీద మంచు పడదు. పడిన దాఖలా లేదు, పడే ఉద్దేశమూ దానికి లేదు. ఆ తెరని మా తాతయ్య హయాంలో సినిమా బోర్డులు రాసే పెయింటరు వేశాడు. కొండ ఎక్కి చూసి రావడానికి ఆయనకి మోకాళ్ల నొప్పులు. పాలు పోసే అతన్ని పిలిచి పైన ఎలా ఉంటుందని అడిగాడట. "పొద్దున్నే వెళ్తే పైనంతా మంచేనండీ, ముందు మనిషి కనిపించడు" అన్నాడట పాలతను. అతను చెప్పింది పొగమంచు సంగతి. పెయింటరు విదేశీ క్యాలెండర్లు బాగా చూసినవాడు. రెండు డబ్బాల తెల్లరంగు ఖర్చుపెట్టేశాడు.

ఆ రోజు నుంచి మా ఊరికి శిఖరం అంటే అదే. పెళ్లయినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, ఉద్యోగం పోయి పాస్‌పోర్టు కోసం వచ్చినవాళ్లు కూడా చివర్లో ఒకటి ఆ మంచు ముందు దిగి వెళ్తారు. ఎప్పుడైనా ఓ అమాయకుడు నిజంగానే కొండెక్కి దిగొచ్చి "పైన మంచు లేదే!" అంటే, ఊరంతా అతన్ని జాలిగా చూసి "పాపం, వేరే కొండ ఎక్కుంటాడు" అని తీర్మానించేది.

ఆ కొండ రెండు ప్రాంతాలకి సరిహద్దు. ఇటు మేము, అటు వాళ్లు. వాళ్లంటే ఎవరో, ఎలా ఉంటారో మాలో చాలామందికి తెలియదు. కొండ అవతల ఉంటున్నారు కాబట్టి అంత మంచివాళ్లు కారన్నది మాత్రం రూఢి. శిఖరం కచ్చితంగా ఏ వైపుకి వస్తుందన్న విషయం మీద రెండు వైపుల అధికారులూ ఎన్నో ఏళ్లుగా టీలు తాగుతున్నారు.

ఇక మామయ్యని ఊరంతా "శిఖరంగారు" అని పిలుస్తుంది. మనిషి పొట్టి కాబట్టి వెటకారమేమో అనుకుంటారు కొత్తవాళ్లు. కాదు, గౌరవమే. కుర్రతనంలో ఆయన రోజుకి మూడుసార్లు కొండెక్కి దిగేవాడని ఊళ్లో ప్రతీతి. ఆ ప్రతీతి పుట్టిన సమయానికి మా అమ్మ అక్కడే ఉంది. అందుకే ఆ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్క అత్తయ్యకి తప్ప.

అత్తయ్యకి అప్పట్లో రెండు సంబంధాలు వచ్చాయి. ఒకరు బ్యాంకు గుమాస్తా. ఆయనకి జీతం, ఎత్తు, ఒత్తైన జుట్టు ఉన్నాయి. రెండోది మామయ్య. ఈయనకి తెర ఉంది. అత్తయ్య వాళ్ల నాన్నగారు ఇద్దరినీ వాళ్లు పనిచేసే చోటే చూసి వస్తానని, చూసింది చూసినట్టు చెప్తానని, ఆపైన కూతురి ఇష్టమని అన్నారు. ఆ రోజుల్లో అంతమాట అన్నందుకు ఆయన్ని బంధువులు చాలాకాలం అనుమానంగా చూశారట.

ఆయన స్టూడియోకి వచ్చిన రోజు పెద్ద లైటు ఏడిపించుకు తింటోంది. వెలిగినట్టే వెలిగి ఆరిపోతోంది. మా ఇంట్లో దీపం "ఆరిపోయింది" అని ఎవరూ అనరు. కొండెక్కింది అనాలి. తాతయ్య ఈ పట్టింపుని నూనె దీపంతో ఆపకుండా బల్బుకీ, టార్చిలైటుకీ, స్టూడియో లైటుకీ కూడా వర్తింపజేశాడు. మామయ్య వెనక గదిలో బల్ల కిందకి దూరి వైర్లతో కుస్తీ పడుతున్నాడు. ముందు గదిలో అమ్మ ఎవరి ఫోటోలకో అట్టలు కత్తిరిస్తోంది. పెద్దాయన నేరుగా వెనక గదిలోకి వెళ్లి తెర ముందు నిలబడ్డారు. మంచుని చూసి ముచ్చటపడ్డారు. బల్ల కింద కనిపిస్తున్న రెండు పాదాలను ఉద్దేశించి, "కొండెక్కడం అలవాటేనా బాబూ?" అని అడిగారు.

బల్ల కిందనుంచి మామయ్య గొంతు వినబడింది. "అలవాటా! రోజూ ఇదే గోలండీ."

"రోజూనా?"

"ఇవాళ పొద్దుటి నుంచి మూడుసార్లు."

"మూడుసార్లే! మరి విసుగు పుట్టదా?"

"మొదట్లో పుట్టేదండీ. ఇప్పుడు చెయ్యి తిరిగిపోయింది."

"కాలు తిరిగిపోయింది అనాలి నాయనా!" అని పెద్దాయన పకపకా నవ్వి, ఆ పాదాల్లో ఒకదాన్ని ఆప్యాయంగా తట్టి వెళ్లిపోయారు.

మామయ్య బయటికి వచ్చేసరికి అమ్మ కత్తెర పట్టుకుని రాయిలా నిలబడి ఉంది. సంగతి విప్పి చెప్పాక, "పరిగెత్తి వెళ్లి చెప్పిరారా, నేనన్నది లైటు గురించి అని" అందట. మామయ్య పరిగెత్తాడట కూడా. ఆయన చెప్పే కథలో వీధి చివర చెప్పు తెగడం వల్ల ఆగిపోయాడు. అమ్మ చెప్పే కథలో అసలు చెప్పులు వేసుకోకుండా గుమ్మంలోనే ఆగిపోయాడు.

అత్తయ్య మామయ్యనే కోరుకుంది. బ్యాంకాయన్ని సాయంత్రాలు ఏం చేస్తారని నాన్నగారు అడిగితే పేపరు చదువుతానన్నాడట. ఇరుకు సందులో పుట్టి పెరిగిన అత్తయ్యకి, వాళ్ల డాబా మీద నీళ్ల ట్యాంకుకీ పక్కింటివాళ్ల ట్యాంకుకీ మధ్యలోంచి కొండకొన కనిపించేది. రోజూ బట్టలు ఆరేస్తూ దాన్ని చూసేది. ఒక్కదానివి ఎక్కడికెళ్తావని ఇంట్లో ఎవరూ పంపలేదు. పొద్దుటి నుంచి మూడుసార్లు ఎక్కేవాడు దొరికితే ఏడాదికి ఒక్కసారైనా వెంట తీసుకెళ్లకపోతాడా అనుకుంది. అంత ఆశపడిందని ఎవరికీ చెప్పలేదు.

పెళ్లయిన కొత్తలో అడిగింది. వానలన్నాడు. వానలు వెలిసాక పెళ్లిళ్ల సీజనన్నాడు. ఆ తర్వాత ఎండలు. "ఆదివారం గిరాకీ వదులుకుని రాలేను, మిగతా రోజులు నీకు కుదరదు, ఏం చేస్తాం" అని తన తప్పేమీ లేనట్టు నిట్టూర్చేవాడు. ఇంకా గుచ్చిగుచ్చి అడిగితే, "నీకెందుకే అదంతా, నేను చూశాగా, ఏమీ ఉండదక్కడ" అనేవాడు. ఆ ఒక్కమాటా నిజమేనని ఆయనకి కూడా తెలియదు. కొన్నేళ్లకి అత్తయ్య అడగడం మానేసింది. మామయ్య ఆ రోజు నుంచి కంటినిండా నిద్రపోయాడు.

అత్తయ్య మందుల షాపులో పనిచేస్తుంది. కొండ సంగతులన్నీ ఆవిడకి సోమవారం పొద్దున్నే కౌంటరు దగ్గర తెలుస్తాయి. ఆదివారం కొండకి వెళ్లిన ప్రతివాడూ సోమవారం కుంటుకుంటూ వచ్చి నొప్పుల ఆయింట్‌మెంటు, చుట్టుకునే గుడ్డపట్టీ అడుగుతాడు. ఇస్తూ ఇస్తూ, "పైదాకా వెళ్లారా?" అని అడిగేది. "ఆఁ, సగం పైనే" అనేవాళ్లు. సగం పైన టీ కొట్టు ఉంది. మా ఊరి నడక సంఘానికి శిఖరం అదే. ఆ సంఘంలో నిజంగా పైదాకా వెళ్లొచ్చే మనిషి ఒక్కరే, రిటైరైన డ్రిల్లు మాస్టారు.

ఇంతలో రెండు వైపుల అధికారులూ కలిసి ఒక గొప్ప నిర్ణయం తీసుకున్నారు. సరిహద్దు తేలేదాకా కొండ దారి మూసేస్తారట. తేలేదాకా అన్నారంటే మా మనవల కాలానికన్నమాట. ఆ వచ్చే ఆదివారమే ఆఖరు. అత్తయ్య అన్నం వడ్డిస్తూ, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఈ ఆదివారం నేను కొండెక్కుతున్నా. నడక సంఘంవాళ్లతో. మీరు వస్తే రండి, లేకపోతే మీ గిరాకీ మీరు చూసుకోండి."

మామయ్య కలిపిన ముద్దనే మళ్లీ కలిపాడు. "నేనూ... వస్తాలే. ఒక్కదానివే ఎలా వెళ్తావు" అన్నాడు. డ్రిల్లు మాస్టారు ముందు నడుస్తాడు, తను గుంపులో గోవిందా అని నడిచేస్తాడు, అదీ ఆయన లెక్క.

శనివారం సాయంత్రం డ్రిల్లు మాస్టారు మందుల షాపుకి కుంటుకుంటూ వచ్చాడు. బాత్రూంలో జారాడట. పాదం ఇంత లావున వాచింది. గుడ్డపట్టీ చుట్టించుకుంటూ, "నాకేం బెంగ లేదమ్మా. మావాళ్లని శిఖరంగారి చేతుల్లో పెడుతున్నా. అంతకంటే ఏం కావాలి!" అన్నాడు. అత్తయ్య ఇంటికొచ్చి ఆ మాట గర్వంగా చెప్పింది.

ఆ తర్వాత మామయ్య తేలు కుట్టినవాడిలా ఇల్లంతా తిరిగి నా గదిలోకి వచ్చాడు. చదువు కోసం నేను అప్పట్లో వాళ్లింట్లోనే ఉండేదాన్ని. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, నువ్వు ఇన్ని పుస్తకాలు చదువుతావు కదా. వాటిల్లో కొండల గురించి ఏమైనా ఉందా?"

"చాలా ఉంది మామయ్యా. కావ్యాల్లో పర్వత వర్ణన తప్పనిసరి."

ఆయన మొహం వెలిగింది. "అందులో దారి ఎలా ఉంటుందో రాశారా?"

"సిద్ధులు ఉంటారు, గంధర్వులు ఉంటారు, మదపుటేనుగులు, జలపాతాలు..."

"ఎడమా కుడా అని ఉండదా?"

"ఉండదు."

"మరి ఎందుకే చదవడం!" అని కసిరి, కాసేపు నా పుస్తకాల వైపు అసహ్యంగా చూసి, "ఫోనులో వెతికితే రెండు దార్లు చూపిస్తోంది. ఒకటి మనవాళ్లు పెట్టింది, ఒకటి వాళ్లు పెట్టింది. రెండూ ఒకచోటికి పోవు" అన్నాడు.

"అత్తయ్యకి చెప్పేయకూడదూ?"

"ఏమని? నేను ఎక్కలేదే, ఆ రోజు ఎక్కింది లైటే అనా?" ఆయన మంచం అంచున కూలబడ్డాడు. "అది నన్ను ఏం చూసి చేసుకుందనుకున్నావు? నా జీతం చూసా, నా ఎత్తు చూసా? ఆ ఒక్క ముక్కే కదా నా దగ్గరున్నది."

దానికి సమాధానం కావ్యాల్లో కూడా లేదు.

ఆదివారం తెల్లవారుతూనే కొండ కింద జమయ్యాం. నడక సంఘం సభ్యులందరూ కొత్త బూట్లు, కొత్త టోపీలు. మాటల్లో ముందుండే ఇన్సూరెన్స్ ఏజెంటు దారిలో కూడా ముందుండబోయి, మామయ్యని చూసి పక్కకి తప్పుకుని, "మీరుండగా మేం ముందు నడవడమా, అపచారం" అన్నాడు. మామయ్య మెడలో కెమెరా సర్దుకుని, ఉరికంబం మెట్లెక్కేవాడిలా మొదటి అడుగు వేశాడు.

టీ కొట్టు దాకా ఇబ్బంది లేదు. దారికి రెండు పక్కలా బిస్కెట్ కాగితాలు పడి ఉన్నాయి, వాటిని పట్టుకుని పోతే చాలు. ఇబ్బందల్లా ఊపిరితోనే వచ్చింది. అందుకు మామయ్య ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎగశ్వాస వచ్చినప్పుడల్లా ఠక్కున ఆగి, చెయ్యెత్తి, కెమెరా కంటికి పెట్టుకుని, "ఆగండాగండి. ఇక్కడ వెలుతురు చూడండి!" అనేవాడు. అందరూ భక్తితో ఆగి వెలుతురు చూసేవాళ్లు. మా కొండ మీద అంత వెలుతురు ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ప్రతి చెట్టు కిందా ఉంది. చెట్టు లేనిచోట మరీ ఎక్కువగా ఉంది.

"శిఖరంగారూ, అప్పట్లో కూడా ఇలాగే అడుగడుక్కీ వెలుతురు చూసేవారా?" అన్నాడు ఏజెంటు.

"అప్పట్లో రీలు ఖరీదు బాబూ. ఇంతలా చూసేవాణ్ని కాదు."

అత్తయ్య ఆగడం లేదు. చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తి దోపుకుని, షాపులో మెట్లస్టూలు ఎక్కి పై అరలోంచి మందుసీసా తీసినంత తేలిగ్గా ఎక్కుతోంది. ముందుకి వెళ్లిపోయి, మా కోసం ఆగి, మళ్లీ వెళ్లిపోతోంది. ఆవిడ మొహం నేనెప్పుడూ అంత తేటగా చూడలేదు.

టీ కొట్టు దాటాక ఒకచోట దారి చీలింది. బండరాయి మీద ఎడమవైపు నీలం బాణం, కుడివైపు పసుపు బాణం. నీలం మావైపు అధికారులు వేసింది, పసుపు వాళ్లు వేసింది. అందరూ మామయ్య మొహంలోకి చూశారు. మామయ్య కాసేపు గడ్డం రుద్దుకున్నాడు.

"నీలం. మనవాళ్లది ఉండగా వాళ్ల బాణం పట్టుకుని పోతామా?"

ఆ జవాబు అందరికీ తెగ నచ్చింది. ఏజెంటు చప్పట్లు కొట్టాడు.

నీలం దారి మమ్మల్ని ఒక చదును గుట్ట మీదికి తీసుకెళ్లింది. అక్కడ సిమెంటు బల్లలు, ఇనప కడ్డీల అడ్డు, ఒక చెత్తడబ్బా ఉన్నాయి. డబ్బా ఖాళీగా ఉంది, దాని చుట్టూ నిండుగా ఉంది. దారి అక్కడితో అయిపోయింది కాబట్టి మామయ్య గుండె నిండా గాలి పీల్చుకుని రెండు చేతులూ చాచి ప్రకటించాడు.

"వచ్చేశాం. ఇదే!"

సంఘం కేరింతలు కొట్టింది. ఫోన్లు బయటికి వచ్చాయి. ఏజెంటు నాలుగు వైపులా తిరిగి, "మరి మంచేదండీ?" అని అడిగాడు.

"ఎండలు చూస్తున్నారుగా ఈ ఏడు!" అన్నాడు మామయ్య.

అందరూ విచారంగా తలలూపారు. కాలం మారిపోయిందన్నారు. అంతలో అడ్డుకడ్డీ దగ్గర నిలబడి వెనక్కి చూస్తున్న అత్తయ్య పిలిచింది.

"ఏమండీ. అదేమిటి?"

"ఏది?"

"అదిగో. ఆకాశంలోకి అంత పొడుగున లేచి ఉంటే కనిపించడం లేదా?"

మా వెనక, చిన్న లోయ అవతల, మేమున్న గుట్టకి తాతలా ఉన్న శిఖరం నిలబడి మమ్మల్ని చూస్తోంది. మామయ్య దాన్ని చూశాడు. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ చూశాడు. అది కదల్లేదు.

"అదా," అన్నాడు చివరికి. "అది వాళ్లది."

"ఎవరిది?"

"పక్కవాళ్లది. మన శిఖరం ఇంతవరకే."

ఇంత దిక్కుమాలిన మాట ఎవరైనా నమ్ముతారా అనుకుంటాం. ఏజెంటు పిడికిలి బిగించాడు. "చూశారా అన్యాయం! మనకి ఈ పిసరు పడేసి, వాళ్లు అంతది ఉంచుకున్నారు!" సంఘానికి ఆవేశం వచ్చింది. ఒకాయన దీని మీద పై అధికారులకి అర్జీ పెట్టాల్సిందే అన్నాడు. ఇంకొకాయన అర్జీకి ముందు టిఫిను చేద్దామన్నాడు. అందరూ సిమెంటు బల్లల మీద డబ్బాలు విప్పారు.

అత్తయ్య మాత్రం సంచీ భుజాన వేసుకుంది. "మా డాబా మీంచి చిన్నప్పట్నించీ నేను చూసింది దాన్నే. పక్కన పన్నులా పొడుచుకొచ్చిన ఆ రాయితో సహా. వాళ్లదైతే వాళ్లదే ఎక్కుతా" అని వచ్చిన దారినే చీలిక వైపు దిగసాగింది. మామయ్య వెనకాల పరుగు. నీళ్ల సీసాలు నా దగ్గరున్నాయి కాబట్టి నేనూ వెళ్లాను.

పసుపు దారి నిటారుగా ఉంది. లోయ దాటి, ఆఖరి ఎక్కుడు మొదలయ్యే చోట మామయ్య ఒక బండని పట్టుకుని ఆగిపోయాడు.

"ఆగవే. ఒక్కమాట."

"వెలుతురు బాగుందా?" అంది అత్తయ్య, వెనక్కి తిరక్కుండానే.

"వెలుతురు కాదు. నాకు దారి తెలీదు."

"తప్పామని తెలిసిందిగా. ఇప్పుడు సరైనదే పట్టుకున్నాం."

"ఈ దారని కాదే. ఏ దారీ తెలీదు. ఈ కొండ నేనెప్పుడూ ఎక్కలేదు. ఒక్కసారి కూడా."

అత్తయ్య తిరిగింది. మామయ్య తలెత్తకుండా, చేతిలో కెమెరా మూతని తిప్పుతూ, బల్ల కింద తను దూరిన దగ్గర్నుంచి అంతా చెప్పాడు. లైటు సంగతి, తాతయ్య పట్టింపు సంగతి, మామగారి ప్రశ్న, తన జవాబు. చెప్పు తెగిన ముక్క మాత్రం ఈసారి చెప్పలేదు.

"లైటా?" అంది అత్తయ్య.

"లైటే."

"మూడుసార్లు ఎక్కింది అదా?"

"నాలుగు. మీ నాన్నగారు వెళ్లాక ఇంకోసారి ఎక్కింది."

నవ్వు వచ్చే మాటే. ఎవరికీ రాలేదు. అత్తయ్య అక్కడే రాయి మీద కూర్చుంది.

"నేనడిగినప్పుడల్లా 'నీకెందుకే అదంతా' అనేవారు."

"అనేవాణ్ని."

"అంత చులాగ్గా ఎక్కే మనిషికి నన్ను వెంటేసుకుని నడవడం నామోషీ అనుకున్నాను. నేను బరువనుకున్నాను. అందుకే అడగడం మానేశాను. మళ్లీ ఎప్పుడైనా రమ్మంటారేమో, అప్పుడు ఆయాసపడితే బాగుండదని పొద్దున్నే లేచి డాబా మెట్లు ఎక్కి దిగేదాన్ని. ఇప్పటికీ ఎక్కి దిగుతున్నాను. తెలుసా మీకు?"

"మెట్లు ఊడుస్తున్నావనుకున్నానే" అన్నాడు మామయ్య. ఆ గొంతు నాకు కొత్తగా ఉంది.

"రోజూనా?"

మామయ్య కెమెరా మూతని తీసుకెళ్లి కెమెరాకి పెట్టేశాడు.

"కట్టుకున్నవాడికి నేనొక అడ్డమని ఇన్నేళ్లు అనుకున్నా చూడండి, దానికేం చెప్తారు? బ్యాంకాయన నయం. పేపరు చదువుతానని ఉన్నమాట చెప్పాడు."

లేచి వెళ్లిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ఆవిడ చీర రాళ్ల మధ్య కాసేపు కనిపించి, ఒక మలుపు దగ్గర మాయమైంది. మామయ్య ఆవిడ కూర్చున్న రాయి మీదే కూర్చున్నాడు. నీళ్లిస్తే తీసుకోలేదు. "నువ్వు వెళ్లవే అమ్మాయ్, అది ఒక్కతే వెళ్లింది" అన్నాడు. నేను ఒకడుగు పైకి వేసి, ఆయన్ని చూసి, ఆగిపోయాను. కింద గుట్ట మీద నుంచి సంఘంవాళ్ల నవ్వులు, మధ్యలో "శిఖరంగారేరీ?" అన్న కేక వినిపించాయి. మామయ్య ఆ పేరు తనది కానట్టు కూర్చున్నాడు.

ఎంతసేపైందో. పైన రాళ్లు దొర్లిన చప్పుడైంది. అత్తయ్య మలుపు దగ్గర, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. జుట్టు గాలికి రేగిపోయింది.

"అక్కడే కూర్చున్నారేం? రండి. మీరూ చూడలేదుగా."

కోపం పోలేదు ఆ గొంతులో. అయినా మామయ్య పిలిచిన వెంటనే స్కూలు పిల్లాడిలా లేచాడు. ఈసారి వెలుతురు కోసం ఎక్కడా ఆగలేదు. ఆయాసం వస్తే ఆయాసమనే చెప్పి ఆగాడు. ఆగినప్పుడు అత్తయ్య చెయ్యివ్వలేదు. కానీ ముందుకి వెళ్లిపోనూ లేదు.

పైన ఏమీ లేదు. మామయ్య ఇన్నేళ్లూ చెప్పినట్టే, నిజంగానే ఏమీ లేదు. కొంత గడ్డి, కొంత రాయి, చెవులు గింగుర్లెత్తించే గాలి. రెండు బోర్డులు మాత్రం ఉన్నాయి, మావైపుది ఒకటి, వాళ్లది ఒకటి, వీపూ వీపూ ఆనించి. శిఖరం ఎత్తు మా బోర్డు మీద ఒక లెక్క రాసి ఉంది, వాళ్ల బోర్డు మీద దానికంటే మూడు మీటర్లు తక్కువగా ఉంది. మనమెక్కితేనే కొండ పెరుగుతుందన్నమాట.

అవతలివైపు గార్డు ఒకాయన, దారి మూసే ఇనప గేటుకి తాళం సరిచూసుకుంటూ మమ్మల్ని పలకరించాడు. వాళ్లంటే ఎలా ఉంటారో అప్పుడు చూశాను. అచ్చం మా ఇన్సూరెన్స్ ఏజెంటులా ఉన్నాడు, కాకపోతే తక్కువ మాట్లాడాడు.

"ఇంతకుముందు వచ్చారా సార్? కెమెరా చూస్తే అలవాటున్నవాళ్లలా ఉన్నారు."

అత్తయ్య మామయ్య వైపు చూసింది. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను.

"లేదండీ," అన్నాడు మామయ్య. "ఇదే మొదటిసారి. ఇద్దరికీ."

అత్తయ్య కొన దాకా వెళ్లి, గాలికి కొంగు బిగించి, మా ఊరి వైపు చూస్తూ నిలబడింది. ఇళ్లన్నీ అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. ఏ రెండు ట్యాంకుల మధ్య నుంచి ఈ కొన కనిపించేదో వెతుకుతోందని నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. మామయ్య వెళ్లి పక్కన, ఓ చేతి దూరంలో నిలబడ్డాడు. అలవాటు కొద్దీ చెయ్యి కెమెరా మీదికి పోయింది.

"ఒకటి తియ్యమంటావా?"

"వద్దు. ఊరికే చూడండి."

ఆయన ఊరికే చూశాడు. జన్మలో ఆయన ఏదైనా ఊరికే చూడడం నేను చూడలేదు.

కింద గుట్ట మీద నుంచి మళ్లీ కేకలు మొదలయ్యాయి. టిఫిన్లు అయిపోయినట్టున్నాయి, దింపడానికి శిఖరంగారు కావాలి. వచ్చిన దారినే దిగితే వాళ్లకి టీ కొట్టు ఎటూ వస్తుంది, అంతకు మించి ఆ సంఘానికి ఏ దారీ అవసరం పడదు. మామయ్య చెయ్యూపి, వచ్చిన వైపు తిరిగాడు.

"అటు కాదు," అంది అత్తయ్య. గార్డు పట్టుకున్న గేటు వైపు, అవతలికి దిగిపోయే సన్నటి కాలిబాట వైపు చూపించింది. "ఇటు దిగుదాం."

"అది వాళ్ల వైపే. బస్సెక్కి చుట్టు తిరిగి రావాలి. పైగా అటు దారి నాకస్సలు తెలీదు."

"అందుకే," అంది అత్తయ్య, అప్పటికే గేటు దాటుతూ. "తెలుసని మీరింకా ఎవరికీ చెప్పని దారి అదొక్కటే మిగిలింది."